వేటూరి ప్రభాకరశాస్త్రి

వేటూరి ప్రభాకరశాస్త్రి (1888 ఫిబ్రవరి 7 - 1950 ఆగష్టు 29) సుప్రసిద్ధ తెలుగు పరిశోధకుడు, గ్రంథపరిష్కర్త, కవి, అనువాదకుడు. మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో సుమారు మూడు దశాబ్దాలు, ఆపై జీవితపు చివరి దశకం తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో పనిచేశాడు. తాళపత్రాలలోను, రాగిరేకులలోను, శాసనాలలోను, జనుల నాలుకల మీదను చెల్లాచెదరుగా ఉన్న తెలుగు వాఙ్మయాన్ని సేకరించి, సరిపోల్చి, అచ్చుకెక్కించిన కొద్దిమందిలో ఈయన అగ్రగణ్యుడు. తాళ్లపాక అన్నమాచార్యుడు ఈనాడు తెలుగువారికి ఇంటింటి వాగ్గేయకారుడు కావడానికి తిరుపతిలో శాస్త్రి చేసిన పని ఒక ముఖ్యకారణం.

ప్రభాకరశాస్త్రిని కవిగా స్మరించేవారున్నారు, యోగిగా ఆరాధించేవారున్నారు. ఆయన పనిలో అంతగా చర్చకు రాని పార్శ్వం మరొకటి ఉంది. సమాచారాన్ని ఏ రూపంలో భద్రపరచాలి, భద్రపరచినదానిని కావలసినప్పుడు ఎలా వెలికితీయాలి, అది ఎవరిదో ఎక్కడిదో ఎలా నిర్ధారించాలి అనేవి నేడు కంప్యూటరు శాస్త్రంలో డేటాబేసు పరిశోధకులు వేసుకొనే ప్రశ్నలు. తాటాకు, రాగి, సిరా, జ్ఞాపకశక్తి తప్ప వేరే సాధనాలు లేని రోజులలో శాస్త్రి ఎదుర్కొన్నవి కూడా ఇంచుమించు ఇవే. భద్రపరచినంత మాత్రాన ఏదీ నిలవదనీ, దానిని చదివి, వివరం వ్రాసి, నకలు తీసే మనిషి ఉన్నప్పుడే నిలుస్తుందనీ ఆయన జీవితకృషి అడుగడుగునా నిరూపిస్తుంది.

బాల్యము, విద్య

ప్రభాకరశాస్త్రి కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లిలో సుందరశాస్త్రి, శేషమ్మ దంపతులకు జన్మించాడు. కృష్ణాతీరంలోని ఈ గ్రామం దుర్గానాగేశ్వరస్వామి ఆలయం వలన క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. తొలి చదువు ఇంటివద్దనే సాగింది. తరువాత బందరులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి శిష్యరికం లభించింది. చెళ్లపిళ్ల, తిరుపతి వేంకట కవులుగా పేరుపొందిన జంటలో ఒకడు. (ఈ జంట పేరులోని తిరుపతి ఊరు కాదు, రెండవ కవి అయిన దివాకర్ల తిరుపతిశాస్త్రి.) అవధానం వారి జీవనవిద్య. ఎప్పుడో విన్న పద్యపాదాన్ని సమయానికి, ఏ అక్షరం తప్పకుండా జ్ఞాపకానికి తెచ్చుకోవడం ఆ విద్యకు ప్రాణం. ఆ గురుకులంలో పెరిగిన ప్రభాకరశాస్త్రికి వేల పద్యాలు కంఠస్థం కావడంలో వింత లేదు. ఒక తాటాకు పుస్తకంలోని పద్యాన్ని చూడగానే అదే పద్యం మరొకచోట వేరొకరి పేర ఉన్నదని స్ఫురించడం తరువాతి కాలంలో ఆయన పరిశోధనకు పెట్టుబడి అయింది.

మద్రాసు భాండాగారంలో

యౌవనంలోనే శాస్త్రి మద్రాసు చేరి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో కుదురుకొన్నాడు. ఈ భాండాగారం పుట్టుక కొంత తెలియనిదే ఆయన పని బోధపడదు. సర్వేయరు జనరలుగా పనిచేసిన కల్నల్ కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి తెలుగు సహాయకుల తోడ్పాటుతో దక్షిణదేశమంతటా కైఫియత్తులు, శాసనాల నకళ్లు, గ్రంథాలు సేకరించాడు. ఆయన 1821లో మరణించాడు. ఆ సేకరణను ఈస్టిండియా కంపెనీ కొన్నది గాని, అది కొంత లండనుకు, కొంత కలకత్తాకు, కొంత మద్రాసుకు చీలిపోయింది. లండనులోని కంపెనీ గ్రంథాలయంలో పడి ఉన్న తెలుగు, తమిళ, కన్నడ గ్రంథాలను చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1837లో గుర్తించి తిరిగి మద్రాసుకు రప్పించాడు. బ్రౌన్ తాను స్వయంగా సేకరించినవీ ఇందులో చేరాయి. 1869లో ఈ సేకరణలే ఆధారంగా ప్రభుత్వ భాండాగారం ఏర్పడింది.

ఇక్కడ తయారైన వివరణాత్మక పట్టికలు చూడదగినవి. ప్రతి గ్రంథానికి పేరు, కర్త, లిపి, పత్రాల సంఖ్య, పుటకు పంక్తుల సంఖ్య, ప్రతి స్థితి, ఆరంభం, ముగింపు, గద్య వంటి వివరాలు ఒకే వరుసలో నమోదు చేసేవారు. అన్ని గ్రంథాలకూ అవే గడులు. ఏ గడిలో సమాచారం దొరకకపోతే ఆ లోటూ కనబడుతుంది. 1970లో ఎడ్గార్ కాడ్ దత్తాంశాలను పట్టికలుగా చూడాలని ప్రతిపాదించి నేటి డేటాబేసులకు పునాది వేశాడు. భాండాగారపు పండితులకు గణితసిద్ధాంతం లేకపోయినా, వరుస తప్పని పట్టిక విలువ అనుభవంతో తెలుసు.

పట్టిక వ్రాయడం అనుకొన్నంత తేలిక కాదు. ఒకే తాటాకుల కట్టలో నాలుగైదు గ్రంథాలు కలిసి ఉంటాయి. ఒకే గ్రంథం మూడు కట్టలలో ముక్కలై ఉంటుంది. కనుక కట్ట వేరు, కృతి వేరు అని మొదటే విడదీసుకోవాలి. ప్రాచీన లేఖనంలో ఎ-ఏలకు, ఒ-ఓలకు భేదం పాటించని చోట్లు ఎన్నో. పదాల మధ్య ఎడం ఉండదు. చివరి ఆకులు పోతే గద్య పోయినట్లే, గద్య పోతే కర్త పేరు పోయినట్లే. అప్పుడు అవతారికలోని కృతిభర్త వంశాన్నో, భాషలోని ప్రయోగాన్నో, ఏ లక్షణగ్రంథంలోనైనా ఉదాహరణగా ఇచ్చిన పద్యాన్నో పట్టుకొని కర్తను గుర్తించాలి. ఈ భాండాగారంతో సంబంధమున్న మానవల్లి రామకృష్ణకవి ఇటువంటి శోధనతోనే నన్నెచోడుని కుమారసంభవాన్ని బయటపెట్టి 1909లో ప్రకటించాడు. ప్రభాకరశాస్త్రి నడిచినదీ ఈ బాటనే. అయితే ఆయన దృష్టి మరింత విశాలం. పట్టికలో చేరని సమాచారం మీద ఆయనకు మక్కువ ఎక్కువ.

చాటువులు, లుప్తగ్రంథాలు

పట్టికకు లొంగని సమాచారంలో మొదటిది చాటువు. రాజసభలో, రచ్చబండ వద్ద, సత్రంలో ఆశువుగా పుట్టి నోటినుండి నోటికి పాకే పద్యానికి గ్రంథం ఉండదు. మంచి పద్యం ఏది వినబడినా శ్రీనాథునిదనో, తెనాలి రామకృష్ణునిదనో, వేములవాడ భీమకవిదనో చెప్పుకోవడం జనానికి అలవాటు. శాస్త్రి ఇటువంటి పద్యాలను వ్రాతప్రతుల అంచుల నుండి, వృద్ధుల నోటినుండి కూర్చి చాటుపద్య మణిమంజరిగా వెలువరించాడు. పండితులు చిల్లర సరుకుగా చూసే పద్యాలలో దేశచరిత్ర, ఆహారవిహారాలు, రాజుల లోభం, కవుల ఆకలి దాగి ఉన్నాయని ఈ సంకలనం చూపింది.

రెండవది పోయిన పుస్తకం. 16వ శతాబ్దంలో పెదపాటి జగ్గన అనే కవి ప్రబంధరత్నాకరం అనే సంకలనం కూర్చాడు. వర్ణనాంశాల ప్రకారం వేర్వేరు కావ్యాలనుండి పద్యాలు ఏరి, ఏ కావ్యంలోనిదో ఎవరిదో పేర్కొన్నాడు. ఆ కావ్యాలలో చాలావాటికి తరువాతి కాలంలో ఒక్క ప్రతీ మిగలలేదు. ప్రభాకరశాస్త్రి ఈ సంకలనం ప్రధానాధారంగా, లుప్తమైన గ్రంథాల పద్యాలను ఆయా కవుల పేరుమీద తిరిగి కూర్చి 1918లో ప్రబంధరత్నావళిగా ప్రకటించాడు. అంతకుముందు చరిత్రలో పేరైనా లేని కవులు ఎందరో దీనితో వెలుగులోకి వచ్చారు. జగ్గన పద్యానికి పక్కన కర్తపేరు వ్రాసిపెట్టడం వలననే ఇది సాధ్యమయింది. అతడు పద్యాలను మాత్రం ఏరి పేర్లు వదిలివేసి ఉంటే అందమైన పద్యాల మూట మిగిలేది, చరిత్ర మిగిలేది కాదు. డేటాబేసు పరిభాషలో మూలసమాచారం అనదగిన ఈ వివరం ఎంత చిన్నదో అంత విలువైనది.

ఈ రెండు పుస్తకాల అనుభవంతోనే 1920లలో శృంగార శ్రీనాథము వెలువడింది. శ్రీనాథుని కావ్యాలు, ఆయన పేరిట ఉన్న చాటువులు, రెడ్డిరాజుల శాసనాలు పక్కపక్కన పెట్టి కవి జీవితాన్ని పునర్నిర్మించిన గ్రంథమిది. మూడు వేర్వేరు జాతుల ఆధారాలను కలిపి ఒక కథ చేయడంలో సాహసం ఉంది, ప్రమాదమూ ఉంది. ఆ ప్రమాదం క్రీడాభిరామం విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. కాకతీయుల నాటి ఓరుగల్లును కళ్లకు కట్టే ఈ వీథినాటకం వినుకొండ వల్లభరాయని పేర ఉంది. శైలిని, పద్యాలను బట్టి ఇది శ్రీనాథుని రచనే అని శాస్త్రి దృఢంగా వాదించాడు. పండితలోకం రెండుగా చీలింది. ఈనాటికీ సాహిత్యచరిత్రలలో వల్లభరాయని పేరే ఎక్కువగా కనబడుతుంది, శాస్త్రి వాదమూ పక్కనే ఉంటుంది. శైలి సామ్యాన్ని కర్తృత్వానికి తిరుగులేని రుజువుగా గ్రహించడంలో ఆయన కొంత తొందరపడినట్లు తోస్తుంది. వ్యతిరేకవాదాలకు ఆధారమైన విషయాలను కూడా దాచకుండా పాఠకుని ముందుంచడం ఆయన నిజాయితీ.

పాల్కురికి సోమనాథుని బసవపురాణాన్ని 1926లో విపులమైన పీఠికతో ప్రకటించడం మద్రాసు కాలపు మరొక ఘనకార్యం. ద్విపద కావడం చేత, వీరశైవం కావడం చేత పండితులు పట్టించుకోని గ్రంథమిది. మార్గకవిత్వం మాత్రమే భద్రపరచదగినదన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజులలో దానిని తలకెత్తుకోవడం గుర్తుంచుకోదగిన విషయం. ఏది దాచాలి, ఏది పారవేయాలి అన్న నిర్ణయంలోనే సగం చరిత్ర మరుగునపడుతుంది.

యోగాభ్యాసం

అనారోగ్యంతో బాధపడుతున్న దశలో శాస్త్రి కుంభకోణానికి చెందిన మాస్టర్ సి.వి.వి. యోగమార్గంలో ప్రవేశించాడు. ఆరోగ్యం పొందాక తానూ ఎందరికో ఆ మార్గం బోధించాడు, చికిత్స చేశాడు. ప్రజ్ఞాప్రభాకరం అనే స్వీయచరిత్రాత్మక గ్రంథంలో ఈ అనుభవాలను వివరించాడు. ఆయన శిష్యులలో సాహిత్యంతో సంబంధం లేనివారూ ఉన్నారు.

తిరుపతి, రాగిరేకులు

తిరుమల తిరుపతి దేవస్థానం 1939లో తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థను నెలకొల్పింది. 1940 ప్రాంతంలో ప్రభాకరశాస్త్రి ఇందులో చేరాడు. అప్పటికి తిరుపతి చిత్తూరు జిల్లాలోని పట్టణం. (2022లో ఇది ప్రత్యేక జిల్లాకు కేంద్రమైంది.) ఆయనను అక్కడికి రప్పించిన పనులలో ప్రధానమైనది తాళ్లపాక వారి రాగిరేకులు.

రేకుల కథ 16వ శతాబ్దంలో మొదలవుతుంది. అన్నమాచార్యుడు 32,000 సంకీర్తనలు రచించినట్లు ప్రతీతి. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడు తండ్రి పాటలను, తన పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారం అనే చిన్న రాతి గదిలో భద్రపరిచాడు. మనుమడు చినతిరుమలాచార్యుని పాటలు కూడా రేకులకెక్కాయి. తాటాకును చెదలు తింటుంది, రాగిని తినదు. ఎంతో ఖర్చు భరించి చేసిన ఏర్పాటు ఇది. కొన్ని రేకులను అహోబిలం వంటి ఇతర క్షేత్రాలలోనూ ఉంచారు. ఒకచోట ప్రమాదం జరిగితే వేరొకచోట ప్రతి మిగలాలన్న ముందుచూపు తాళ్లపాక వారిలో ఉన్నట్లే కనిపిస్తుంది.

ఇంత జాగ్రత్త పడినా ఆ పాటలు తరాల తరబడి మూగబోయాయి. రాగి చెడలేదు, చదివేవారు కరువయ్యారు. ఈ విషయంలో ఒక విచిత్రమైన సంఘటన ఉంది. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన ఎ.డి. క్యాంప్‌బెల్, తిరుపతి కొండమీద రాగిరేకులపై చెక్కిన తెలుగు వ్యాకరణం ఒకటి ఉన్నదని విని నకళ్లు తెప్పించుకొన్నాడు. వచ్చినవి దేవుని స్తుతించే పాటలు. ఆశాభంగం చెంది, ఆ మాట తన పీఠికలో వ్రాసి ఊరుకొన్నాడు. భాండారం తలుపు తెరిచారు, రేకులు చూశారు, నకళ్లు కూడా తీశారు, అయినా అన్నమయ్య బయటకు రాలేదు. వెదికేవానికి కావలసినది వేరు, అక్కడ ఏమున్నదో చెప్పే సూచిక లేదు. ఆ తరువాత మరో నూరేళ్ల నిశ్శబ్దం గడిచింది.

1920లలో రేకులు మళ్లీ వెలుగుచూశాయి. దేవస్థానం శాసనాల పరిశోధకుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి 1930లో ప్రకటించిన నివేదికలో తాళ్లపాక వారి విషయమూ చోటుచేసుకొన్నది. 1930లలోనే రేకుల పాటల ముద్రణ కూడా ఆరంభమైంది. రెండువేలకు పైగా రేకులలో దొరికిన పాటలు సుమారు 14 వేలు. అంటే ప్రతీతిని నమ్మితే సగానికి పైగా పోయినట్లే.

రేకుల అమరిక గమనించదగినది. పాటలను అధ్యాత్మ, శృంగార అనే రెండు తరగతులుగా విభజించారు. ప్రతి పాటకు రాగం పేరు ఉంటుంది. తాళం సాధారణంగా ఉండదు, స్వరం అసలే లేదు. పాడేవారికి అవి తెలిసినవే కదా అని వదిలివేసి ఉండవచ్చు. నాలుగు శతాబ్దాల తరువాత ఆ తెలిసిన విషయమే ఎవరికీ తెలియకుండా పోయింది. మొదటి రేకు మీది గద్యలో కాలనిర్దేశం ఉంది. శాలివాహన శకం 1346 క్రోధి సంవత్సరంలో, అన్నమాచార్యునికి పదహారవ యేట, స్వామి ప్రత్యక్షమయ్యాడనీ, 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు ఆయన తిరోధానం చెందాడనీ ఆ గద్య తెలుపుతుంది. అన్నమయ్య జననం 1408 అనీ, మరణం 1503 ఫిబ్రవరి 23 అనీ నేడు చెప్పడానికి ఆధారం ఇదే. 14 వేల పాటలకు కాలం చెప్పే ఆధారం నాలుగు పంక్తుల గద్యలో ఉన్నదన్నమాట. ఆ ఒక్క రేకు కరిగిపోయి ఉంటే అన్నమయ్య కాలం గురించి ఎన్ని వాదాలు చెలరేగేవో ఊహించుకోవచ్చు.

కర్తృత్వం ఇంకొక చిక్కు. తాత, తండ్రి, మనుమడు ముగ్గురూ వేంకటేశ్వరుని ముద్రతోనే పాటలు వ్రాశారు. ఏ పాట ఎవరిదో పాటలో ఉండదు, అది ఏ వరుస రేకులలో ఉన్నదన్న దానిని బట్టి తెలియాలి. రేకుల వరుస తప్పితే కర్త తారుమారవుతాడు. రేకు సంఖ్యకూ పాటకూ సంబంధం తెగకుండా ప్రతిని సిద్ధం చేయడం, చెక్కినవాని పొరపాట్లను పాఠం నుండి వేరుచేయడం, మాండలికంగా తోచే మాటను తప్పుగా భావించి దిద్దకుండా నిగ్రహించుకోవడం పరిష్కర్త విధులు. ప్రభాకరశాస్త్రి కృష్ణాతీరం వాడు, పాటలలోని నుడికారం రాయలసీమది. తిరుపతి పరిసరాల పల్లెలలో ఇంకా వాడుకలో ఉన్న మాటలు ఆయనకు నిఘంటువుల కంటే ఎక్కువ సహాయపడి ఉండాలి.

శాస్త్రి తాళ్లపాక పాటల సంపుటాలు కొన్ని పరిష్కరించాడు. వాటికంటే ఎక్కువ ప్రభావం చూపినది అన్నమాచార్య చరిత్రము. అన్నమయ్య మనుమడైన చినతిరువేంగళనాథుడు (చిన్నన్న) ద్విపదలో వ్రాసిన తాతగారి జీవితకథ ఇది. దీనిని శాస్త్రి సుదీర్ఘమైన పీఠికతో 1949లో దేవస్థానం ద్వారా ప్రకటించాడు. ద్విపదలోని కథను రేకులలోని గద్యతోను, పాటలలోని ఉల్లేఖాలతోను, తిరుమల శాసనాలతోను పోల్చి ఆయన పీఠిక నడిపాడు. వంశవృక్షం తేల్చాడు. అన్నమయ్య భార్య తిమ్మక్క రచించిన సుభద్రాకళ్యాణానికి తెలుగు కవయిత్రుల చరిత్రలో తొలిస్థానం రావడానికి దారితీసిన చర్చ కూడా ఈ తాళ్లపాక పరిశోధనలలోనిదే. పేరు మాత్రమే మిగిలిన ఒక వాగ్గేయకారునికి ఊరు, కుటుంబం, కాలం, కోపతాపాలు ఉన్న మనిషిరూపం ఈ పీఠికతో వచ్చింది. తిరుపతిలో అన్నమాచార్య ఉత్సవాలు జరపడానికి పూనుకొన్న తొలివారిలోనూ శాస్త్రి ఒకడు.

1950 ఆగష్టు 29న, 62 ఏళ్ల వయస్సులో, పని మధ్యలో ఉండగానే ప్రభాకరశాస్త్రి మరణించాడు. ఆ పనిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అందుకొన్నాడు. సంగీతజ్ఞుడు కూడా అయిన శర్మ సంపుటాలు పరిష్కరించడంతో పాటు కొన్ని పాటలకు స్వరాలు కూర్చి, రేకులలో లేని గడిని తన ఊహతో నింపాడు. తరువాత గౌరిపెద్ది రామసుబ్బశర్మ వంటివారు కొనసాగించారు. ప్రాచ్య పరిశోధన సంస్థ 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో అనంతరం భాగమైంది. దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును ఆరంభించింది.

డేటాబేసు పరిశోధనకు మిగిలిన ప్రశ్నలు

డేటాబేసు పరిశోధకులు 1988లో కాలిఫోర్నియాలోని లగూనా బీచ్‌లో సమావేశమై తమ శాస్త్రం ఇకముందు ఏ దిశలో సాగాలో చర్చించి నివేదిక వ్రాశారు. అప్పటినుండి కొన్నేళ్లకొకసారి ఇటువంటి సమావేశం జరగడం ఆనవాయితీ అయింది. 2003లో లోవెల్, 2008లో క్లేర్‌మాంట్, 2018లో సియాటిల్ నివేదికలు ఈ వరుసలోనివే. వేర్వేరు రూపాలలో ఉన్న సమాచారాన్ని ఒకచోట కలపడం, నిశ్చయంగా తెలియని విషయాన్ని అనిశ్చితంగానే నమోదు చేయడం, ప్రతి అంశం ఎక్కడనుండి వచ్చిందో జాడ నిలపడం ఈ చర్చలలో మళ్లీ మళ్లీ వచ్చే సమస్యలు. వీటిని కొత్త సమస్యలుగా భావించేవారు ప్రభాకరశాస్త్రి పీఠికలు చూడవలసి ఉంటుంది. శృంగార శ్రీనాథము మొదటి సమస్యకు ఉదాహరణ, క్రీడాభిరామం రెండవదానికి, ప్రబంధరత్నావళి మూడవదానికి.

మామూలు డేటాబేసులో కర్త అనే గడిలో ఒక్క పేరే పడుతుంది. క్రీడాభిరామానికి ఆ గడిలో ఎవరి పేరు వ్రాయాలి? వల్లభరాయని పేరు వ్రాస్తే శాస్త్రి వాదం మాయమవుతుంది, శ్రీనాథుని పేరు వ్రాస్తే గ్రంథస్థమైన సాక్ష్యం మాయమవుతుంది. రెండు పేర్లనూ, ఎవరు ఏ ఆధారంతో చెప్పారన్న వివరాన్నీ కలిపి దాచగలిగే పద్ధతి కావాలి. చాటువుల విషయంలో ఒకే పద్యానికి అయిదారుగురు కర్తలు, పది పాఠాంతరాలు. తాళ్లపాక పాటలలో ఖాళీగా ఉన్న తాళం గడికీ, తరువాతివారు నింపిన గడికీ తేడా చూపకపోతే, రాళ్లపల్లి వారి స్వరం అన్నమయ్య స్వరంగా చెలామణి అయ్యే ప్రమాదముంది. అంతర్జాలంలో ఇప్పటికే ఇది కొంత జరిగింది.

మన్నిక సంగతి మరీ ముఖ్యం. యూనికోడులో తెలుగు 1991లో మొదటి కూర్పులోనే చేరినా, 2000ల దాకా తెలుగు పత్రికలు, ముద్రణాలయాలు ఎవరి ఫాంటు వారు వాడుకొన్నారు. ఆ ఫాంటు పోతే పాఠం చదవరాని గుర్తుల మూటగా మిగులుతుంది. రాగిరేకు అయిదు వందల ఏళ్లకు కూడా కంటితో చదవవచ్చు. ఇరవై ఏళ్లనాటి కంప్యూటరు దస్త్రాన్ని చదవడానికి ఒక్కొక్కప్పుడు నిపుణుడు కావాలి.

ఇదే నేలమీద జరిగిన మరొక ప్రయత్నాన్ని ఇక్కడ పేర్కొనాలి. శ్రీకాళహస్తి సమీపంలోని కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను కంప్యూటరుకెక్కించే ప్రాజెక్టుకు నాయకత్వం వహించాడు. అందులో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు పుస్తకాలు స్కాను చేసిన కేంద్రాలలో తిరుమల తిరుపతి దేవస్థానం ఒకటి. వేల తెలుగు పుస్తకాలు ఈ విధంగా అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అయితే పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు రోమను లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు నమోదు చేయడం వలన ఉన్న పుస్తకమే వెదికితే దొరికేది కాదు. క్యాంప్‌బెల్‌కు ఎదురైన ఇబ్బందే మళ్లీ వచ్చింది. 2017 నాటికి ఆ వెబ్‌సైటు మూతపడింది. అంతకుముందే ఔత్సాహికులు ఇంటర్నెట్ ఆర్కైవుకు ఎక్కించిన ప్రతులు మాత్రం నిలిచాయి.

శాస్త్రి పనిని కొనసాగించడానికి కావలసిన సాధనాలు కొన్ని ఇంకా రూపొందవలసి ఉన్నాయి. పాతలిపి రాతను గుర్తించే యంత్రం, సందిగ్ధమైన అక్షరాన్ని ఊహించి వ్రాసినప్పుడు అది ఊహ అని చెప్పగలగాలి. ఒక మాట రేకులలో, చాటువులలో, శాసనాలలో ఎక్కడెక్కడ వచ్చిందో ఒక్క ప్రశ్నతో చూపగల నిధి ఉండాలి. అవధాని శిష్యుడైన ప్రభాకరశాస్త్రి ఈ వెదుకులాటను తన జ్ఞాపకంతోనే చేశాడు. ఆ జ్ఞాపకం ఆయనతోనే పోయింది.

రచనలు, స్మృతి

సంస్కృతం నుండి భాసుని ప్రతిమ, కర్ణభారం, మధ్యమవ్యాయోగం, హర్షుని నాగానందం మొదలైన నాటకాలను శాస్త్రి తెలుగు చేశాడు. కడుపుతీపు, కపోతకథ, దివ్యదర్శనం ఆయన ఖండకావ్యాలలో పేరుపొందినవి. కడుపుతీపు చిన్నదైనా కరుణరసానికి మంచి ఉదాహరణ. తెలుగు మెరుగులు, మీగడ తరకలు వ్యాససంపుటాలు. పరిశోధనా వ్యాసాలు ఎక్కువగా భారతి, ఆంధ్రపత్రిక సంచికలలో వెలువడ్డాయి. కుమారుడు వేటూరి ఆనందమూర్తి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండి తాళ్లపాక కవులపైనే పరిశోధన చేశాడు, తండ్రి రచనలను మణిమంజరి పేరిట తిరిగి ముద్రించడానికి పాటుపడ్డాడు. తిరుపతిలో ప్రభాకరశాస్త్రి పేర వాఙ్మయ పీఠం ఏర్పడింది, ఆయన విగ్రహం ప్రతిష్ఠించబడింది.